నాలుగుకి నాలుగు

ఆపరేషనుకి ముందు రోజు సాయంత్రం
గుంటూరు పెద్దాసుపత్రిలో
మత్తు డాక్టరమ్మ వచ్చి నా మంచం అంచున కూర్చుంది.
షమీమ్ అంట పేరు. చేతిలో అట్ట, అట్టకి కాయితం.
బీపీ అడుగుద్దనుకున్నా, షుగరు అడుగుద్దనుకున్నా.
"బస్సు పడుద్దా నీకు, రాహేలమ్మా?" అంది.

నవ్వొచ్చింది.
గుణదల తిరనాళ్లకి బయల్దేరితే
మంగళగిరి రాకముందే కిటికీ నాది.
మా ఎస్తేరు చేతిలో నిమ్మకాయ, నా ఒళ్లో కవరు.
గర్భసంచి తీయడానికి బస్సులో తీసకపోతారా ఏంది అన్నా.

"చుట్ట తాగుతావా?"
మా అత్త తాగేది. మిరప ఘాటు తప్ప
నేను ఏ పొగా ఎరగను.
"తాగేవాళ్లకి మత్తు దిగాక వాంతులు తక్కువ,"
అదేదో తన తప్పయినట్టు చెప్పింది,
"అట్టాగని ఇప్పుడు మొదలెట్టబాక."

"వెనక ఎప్పుడన్నా ఆపరేషన్ అయిందా?"

అక్కడ పోయింది నా నవ్వు.
పిల్లలు పుట్టకుండా చేసే క్యాంపు, బడి వరండా,
చాపల మీద వరసగా పన్నెండు మందిమి.
రాత్రంతా కక్కా.
కక్కినప్పుడల్లా పొట్ట కింద కుట్లని
ఎవరో దారం చివర పట్టి గుంజినట్టు.
పసరు కూడా అయిపోయాక ఉత్త శబ్దం.
పక్క చాపామె తన కొంగుతో నా మూతి తుడిచింది,
ఆమె పేరు ఇవ్వాళ్టికీ తెలవదు.
తెల్లారి అందరిదీ ఒకటే మాట:
ఆడోళ్లకి మామూలే.

డాక్టరమ్మ రాసుకుంటా లెక్కెట్టింది.
ఆడమనిషివి, ఒకటి.
చుట్ట తాగవు, రెండు.
బస్సు పడదు, వెనక వాంతులైనయ్, అయ్యి కలిపి మూడు.
నొప్పికి గట్టి సూది పడాల్సొస్తే నాలుగు.
"నాలుగుకి నాలుగూ వచ్చినయ్ నీకు."
బళ్లో ఎన్నడూ రాలా నాకట్టా.

మార్కులెక్కువైతే కాపలా ఎక్కువంట.
పీల్చే మత్తొద్దు, నరంలో పాలలాంటి మందు.
నిద్దరపోంగానే ఒక సూది, లేపేముందు ఇంకోటి.
పొట్ట గోడకి తిమ్మిరి మందు, గట్టి సూది తప్పకపోతేనే.
పొద్దున ఆరింటిదాకా మంచినీళ్లు తాగు, నాలిక ఎండగట్టుకోబాక.
"ఒట్టేసి చెప్పలేను. అప్పటికీ తిప్పితే పిలువు.
ఓర్చుకోబాక."

ఓర్చుకోబాక.
నలభై ఆరేళ్లలో ఆ మాట
నాకు ఎవరన్నా చెప్పటం అదే మొదలు.

ఆ రాత్రి నిద్దర పట్టలా.
కొత్త కాపురంలో పెరట్లో కక్కితే
మా అత్త వీధంతా పంచదార పంచింది.
మూడుసార్లు నా కడుపు తిప్పటం ఊరికి కబురు.
రేపటికి సంచే ఉండదు.
రేపు కక్కితే
ఎవరికేం కబురు?

"చెయ్యి కాస్త మండుద్ది," అంది పొద్దున
తెల్లమందు ఎక్కిస్తా.
ఇరవై ఏళ్లు మిర్చి యార్డులో తొడిమలు తీసిన చెయ్యి,
రాత్రిళ్లు మజ్జిగ గిన్నెలో ముంచుకున్న చెయ్యి,
దానికి మీ మంట ఏపాటి అని
చెప్పబోయా. ఏపాటి దగ్గరే

కళ్లు తెరిచా.
ముందు మూతి తడుముకున్నా. పొడిగా ఉంది.
నోట్లో చేదు లేదు. కడుపులో బస్సు కదల్లా.
అయినా నమ్మలా,
అప్పులోడి కోసం చూసినట్టు గుమ్మం వైపే చూశా.
చెంచాడు నీళ్లు. నిలిచినయ్.
ఇంకో చెంచా.
ఎనిమిదింటికి ఒక్కసారి తిప్పింది.
పిలిచా. వార్డంతా తిరిగి చూసేట్టు పిలిచా.
సిస్టరొచ్చింది, సూదొచ్చింది, తిప్పటం పోయింది.
ఒక్క కుట్టూ లాగలా.

మర్నాడు పక్క మంచంలోకి పొన్నూరు నుంచి సౌభాగ్యం వచ్చింది,
సంచీ గుండెలకి హత్తుకోని.
డాక్టరమ్మ రావటానికి ఇంకా టైముంది.
పక్కకి ఒత్తిగిలి
నేనే అడిగా:
"బస్సు పడుద్దా నీకు?"